ఎలుగు వేటలో నడుముకి ఏ తుపాకీ? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఐడహోలో ఉంటాను. ఏటా మే నెలలో నల్ల ఎలుగు (బ్లాక్ బేర్) సీజన్‌కి అడవికి వెళ్తాను. మనవాళ్ళలో వేట లైసెన్సు తీసుకునేవాళ్ళు ఈ మధ్య కనిపిస్తున్నారు, దాంతో నాకు ఫోన్లూ పెరిగాయి. రైఫిల్ ఏది కొనాలో ఎవరూ అడగరు, అది ముందే కొనేసి ఉంటారు. అడిగేదల్లా "పక్కన పెట్టుకోడానికి చిన్నది ఏది తీసుకోమంటావ్?" అనే. ప్రతివాళ్ళతో గంటసేపు అదే మాట్లాడలేక ఒకచోట రాసిపెట్టాను. ఇక్కడున్నదంతా అమెరికా అడవులకీ అమెరికా చట్టాలకీ సంబంధించింది. ఇండియా గురించి చివర్లో రెండు ముక్కలున్నాయి, అవి మాత్రం దాటేయకండి.

చేతిలో రైఫిల్ ఉండగా మళ్ళీ హ్యాండ్‌గన్ దేనికి?

రైఫిల్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుందని వేటకి వెళ్ళనివాళ్ళు అనుకుంటారు. ఎలుగు పడ్డాకే అసలు పని మొదలవుతుంది. తోలు తీయాలి, మాంసం కోయాలి, గుడ్డ సంచుల్లో కట్టాలి. మోచేతుల దాకా నెత్తురూ కొవ్వూ. రైఫిల్ నాలుగడుగుల అవతల చెట్టుకి ఆనించి ఉంటుంది. ఆ వాసన పట్టుకుని ఇంకో ఎలుగు వస్తే ఆ నాలుగడుగులే మైలు దూరం. తర్వాత ముప్ఫై కిలోల మాంసం వీపున వేసుకుని కొండ దిగేటప్పుడు రైఫిల్ బ్యాగుకి కట్టేసి ఉంటుంది. మంచె ఎక్కేటప్పుడు తాడుకి వేలాడుతుంటుంది. గాయపడ్డ జంతువుని వెతుకుతూ ఆల్డర్ పొదల్లో వంగి దూరేటప్పుడు పొడుగాటి గొట్టం ప్రతి కొమ్మకీ తగులుకుంటుంది. రాత్రి డేరాలో పడుకున్నప్పుడు సంగతి సరేసరి.

హ్యాండ్‌గన్ ఉద్యోగం ఈ మధ్యమధ్య ఖాళీల్లో మాత్రమే. ఎలుగుని కొట్టడానికి రైఫిల్, ఎలుగు మనమీద పడకుండా ఉండటానికి హ్యాండ్‌గన్. ఒక్కటే మినహాయింపు ఉంది: కుక్కలతో తరిమి చెట్టెక్కించి కొట్టే పద్ధతిలో కొందరు హ్యాండ్‌గన్‌తోనే పని కానిస్తారు. దూరం తక్కువ, జంతువు కదలదు, రోజంతా కుక్కల వెనక పరిగెత్తేవాడికి రైఫిల్ బరువు. అది వేరే ఆట, ఇక్కడ దాని గురించి రాయడం లేదు.

అదంతా సరే, ఒక్క ముక్కలో చెప్పండి. ఏ క్యాలిబర్ (తూటా సైజు)?

గ్రిజ్లీలు (నల్ల ఎలుగు కన్నా పెద్దవైన గోధుమ ఎలుగులు) లేని చోట .357 మాగ్నమ్ గానీ 10 ఎం.ఎం. గానీ. గ్రిజ్లీలున్న చోట .44 మాగ్నమ్. అది మీ చేతికి లొంగకపోతే 10 ఎం.ఎం. అంతకన్నా పెద్దవి చాలామందికి అక్కర్లేదు, చిన్నవి గతిలేకపోతేనే.

దీనికో షరతు ఉంది. భోజనాలకి వాడే పేపర్ ప్లేటొకటి ఏడు గజాల అవతల అట్టకి అంటించండి. హోల్‌స్టర్‌లోంచి తీసి నాలుగు సెకన్లలో మూడు తూటాలు ఆ ప్లేటులో పడాలి. ఒక్కటి బయటికి పోయినా క్యాలిబర్‌లో ఒక మెట్టు కిందికి దిగండి. ఇది సినిమాల్లోంచి తెచ్చిన లెక్క కాదు. గ్రిజ్లీ గంటకి దాదాపు 56 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు, అంటే సెకనుకి పదిహేను మీటర్ల పైన. ఇరవై అయిదు గజాల దూరంలో పొదలోంచి బయటపడితే మీకు దొరికేది సెకనున్నర. నాలుగు సెకన్లంటే నేను ఉదారంగా ఇచ్చానన్నమాట.

ఏ ఎలుగో తెలిస్తే తుపాకీ మారుతుందా?

మారుతుంది. తుపాకీ కన్నా ముందు చట్టం మారుతుంది. అలాస్కా తప్పిస్తే మిగతా రాష్ట్రాల్లో గ్రిజ్లీని వేటాడటానికి వీల్లేదు. 1975 నుంచి అది రక్షణ జాబితాలో ఉంది. మోంటానా, వయోమింగ్, ఐడహోల్లో మీరు వేటాడేది నల్ల ఎలుగునే. కానీ మోంటానా పడమటి కొండల్లో, యెల్లోస్టోన్ పార్కు చుట్టుపక్కల, ఐడహో ఉత్తరపు కొసన గ్రిజ్లీలు అదే అడవిలో తిరుగుతుంటాయి. వేట ఒకదానికి, భయం ఇంకోదానికి. అందుకే మోంటానాలో నల్ల ఎలుగు లైసెన్సు కావాలంటే ముందు రెంటినీ గుర్తుపట్టే పరీక్ష పాసవాలి.

రంగు చూసి మోసపోకండి. నల్ల ఎలుగుల్లో గోధుమరంగువి, దాల్చినచెక్క రంగువి బోలెడు. భుజాల మధ్య మూపురం ఉందా, ముఖం పళ్ళెంలా లోపలికి వంగిందా, చెవులు చిన్నగా గుండ్రంగా ఉన్నాయా, ముంగాళ్ళ గోళ్ళు పొడుగ్గా ఉన్నాయా చూడాలి. ఇవన్నీ ఉంటే గ్రిజ్లీ.

సైజులో తేడా కూడా తక్కువేం కాదు. మగ నల్ల ఎలుగు మామూలుగా వంద, నూటయాభై కిలోల దగ్గర ఆగుతుంది. అలాస్కా కోడియాక్ దీవిలోని పెద్ద మగ గోధుమ ఎలుగులు (గ్రిజ్లీ జాతివే) ఆరున్నర క్వింటాళ్ళు దాటగలవు. మొదటిదానికి .357 దండిగా సరిపోతుంది. రెండోదాని ముందు ఏ హ్యాండ్‌గనూ "సరిపోతుంది" అని నేను అనను.

కాగితం మీద అంకెలు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా చదవాలి?

తూటా బరువు గ్రెయిన్లలో రాస్తారు. గ్రాముకి దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు. వేగం సెకనుకి ఇన్ని అడుగులని, శక్తి ఇన్ని ఫుట్-పౌండ్లని ఉంటుంది. మామూలు తూటాల లెక్క కొంచెం అటూఇటూగా ఇలా వస్తుంది.

9 ఎం.ఎం.లో 147 గ్రెయిన్ల తూటా 1,100 అడుగుల వేగంతో వెళ్తే 395 ఫుట్-పౌండ్లు. .357 మాగ్నమ్‌లో 158 గ్రెయిన్లు, 1,235 అడుగులు, శక్తి 535. 10 ఎం.ఎం.లో 200 గ్రెయిన్లు, 1,200 అడుగులు, 640. .44 మాగ్నమ్‌లో 240 గ్రెయిన్లు, 1,350 అడుగులు, 970. .454 కాసుల్‌లో 300 గ్రెయిన్లు, 1,625 అడుగులు, 1,760 దాకా.

ఇప్పుడు రైఫిల్ చూడండి. మామూలు .30-06లో 180 గ్రెయిన్ల తూటా 2,700 అడుగుల వేగంతో వెళ్తే 2,900 దాటుతుంది. .375 హెచ్ అండ్ హెచ్ అయితే 4,200 పైన. అంటే మీరు నడుముకి కట్టుకునే అతి ఘనమైన .44, జింకలు కొట్టే రైఫిల్‌లో మూడో వంతు. 1983లో అమెరికా అటవీ శాఖ తన అలాస్కా సిబ్బంది కోసం ఈ తుపాకులన్నిటినీ పదిహేను గజాల దూరంలో పరీక్షించింది. అప్పుడూ పైన నిలిచినవి పెద్ద రైఫిళ్ళే.

అయితే శక్తి ఎక్కువున్నదే కొనేస్తే పోదా?

పోదు. హ్యాండ్‌గన్ వేగాల దగ్గర ఆ అంకె కన్నా ముఖ్యమైంది తూటా ఎంత లోతుకి దిగుతుందన్నది. ఎలుగుకి పైన దట్టమైన బొచ్చు, కింద తోలు, దాని కింద చలికాలం ముందైతే అంగుళాల కొద్దీ కొవ్వు, ఆ తర్వాత కండ, ఎముక. ఇవన్నీ దాటాక గానీ గుండె రాదు. మనిషి కోసం చేసిన హాలో పాయింట్ (మూతిలో గుంట ఉండే) తూటా తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది. విచ్చుకున్నది ఎక్కువ లోతుకి పోలేదు. ఇంట్లో దొంగకి అదే కావాలి, గోడ దాటి పక్కింట్లోకి పోకూడదు కాబట్టి. ఎలుగుకి పనికిరాదు.

ఎలుగు కోసం అడగాల్సింది హార్డ్ కాస్ట్. సీసంలో ఇతర లోహాలు కలిపి గట్టిగా పోతపోసిన తూటా, మూతి వెడల్పుగా చదునుగా ఉంటుంది. విచ్చుకోదు, ఎముక తగిలినా తిన్నగా పోతుంది. .357లో 180, 10 ఎం.ఎం.లో 200 లేదా 220, .44లో 240 నుంచి 305 గ్రెయిన్ల దాకా దొరుకుతాయి. పెట్టె ఖరీదు మామూలు తూటాలకి రెండు మూడింతలు ఉంటుంది, అడవికి ఒక పెట్టె చాలు.

కాలిఫోర్నియాలో వేటాడేవాళ్ళకి మాత్రం ఇక్కడ ఒక చిక్కుంది. 2019 జులై నుంచి అక్కడ వేటకి సీసం తూటాలు నిషేధం. ప్రాణరక్షణకి మాత్రమే పెట్టుకున్న హ్యాండ్‌గన్‌లో ఉండొచ్చు గానీ దాంతో వేట జంతువుని కొట్టకూడదు. అనుమానం వద్దనుకుంటే విచ్చుకోని రాగి తూటాలు చూసుకోండి.

ఒక్కమాట చెప్పాలంటే, మంచి తూటా వేసిన 10 ఎం.ఎం., చెత్త తూటా వేసిన .44 కన్నా నయం. షాపులో గంటసేపు తుపాకీ ఎంచి, బయటికొచ్చేటప్పుడు చేతికందిన తూటాల పెట్టె పట్టుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు పెళ్ళిచూపులకి కోటు కుట్టించుకుని చెప్పులు మర్చిపోయిన పెళ్ళికొడుకు గుర్తొస్తాడు.

నా దగ్గర ఇప్పటికే 9 ఎం.ఎం. ఉంది. చాలదా?

అలాస్కా గైడ్ ఫిల్ షూమేకర్ సంగతి మీరు వినే ఉంటారు. 2016లో చేపలు పట్టడానికి వచ్చినవాళ్ళని వాగు దగ్గరికి తీసుకెళ్తుంటే గోధుమ ఎలుగు మీదికొచ్చింది. మామూలుగా .44 పెట్టుకునే మనిషి ఆరోజు 9 ఎం.ఎం. పట్టుకెళ్ళాడు, దాంతోనే ఎలుగుని ఆపాడు. అప్పట్నుంచి 9 ఎం.ఎం. ఉన్న ప్రతివాడూ ఇదే కథ చెప్తాడు.

కథలో రెండు సంగతులు వదిలేస్తారు. ఆయన వేసింది 147 గ్రెయిన్ల హార్డ్ కాస్ట్, ఇంట్లో ఉండే హాలో పాయింట్ కాదు. రెండోది, ఆయన జీవితమంతా గోధుమ ఎలుగుల మధ్య గడిపిన గైడ్. మీదికొచ్చే ఎలుగు ముందు చెయ్యి వణక్కుండా ఏడెనిమిది తూటాలు కావలసిన చోట పెట్టగలిగాడు. మీరు పెట్టగలరా? నేనైతే గ్యారంటీ ఇవ్వలేను.

నల్ల ఎలుగుల అడవికి, చేతిలో వేరే ఏదీ లేనప్పుడు, హార్డ్ కాస్ట్ వేసిన 9 ఎం.ఎం. ఇంట్లో వదిలేసిన .44 కన్నా మేలు. దానికోసం ఇంకోటి కొనగలిగితే కొనండి.

.454 కాసుల్, .500 మాగ్నమ్... పెద్దదే ధైర్యం కదా?

ఒకసారి స్నేహితుడి .454 అడిగి తీసుకుని షూటింగ్ రేంజ్‌లో కాల్చాను. రెండున్నర అంగుళాల గొట్టం, బొద్దుగా ముద్దుగా ఉంది. మొదటి తూటా ప్లేటులో పడింది, గర్వంగా అనిపించింది. రెండోది వేసేటప్పుడు నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను. తూటా ప్లేటుకి ఇవతల నేలలో దిగింది, మట్టి లేచింది. మూడోది వేయలేదు. బొటనవేలి కింద చర్మం చీరింది, సోమవారం ఆఫీసులో కీబోర్డు మీద స్పేస్ బార్ కొట్టినప్పుడల్లా గుర్తొచ్చింది.

.454 తూటా 1950ల నుంచీ ఉన్నదే, దానికి తగ్గ తుపాకీ మాత్రం 1980లలో గానీ చేతికి రాలేదు. .500 మాగ్నమ్‌ని స్మిత్ అండ్ వెసన్ 2003లో తెచ్చింది. పొడుగు గొట్టం మోడల్ ఒక్కటే రెండు కిలోలు. అంత బరువు ఉంటే మొదటిరోజు ఛాతీ మీద, రెండోరోజు బ్యాగులో, మూడోరోజు ట్రక్కులో ఉంటుంది. ట్రక్కులో ఉన్న .500 ఎలుగుని భయపెట్టలేదు. ఏడాదికి వెయ్యి తూటాలు కాల్చే ఓపికా ఖర్చూ ఉన్నవాళ్ళకి వదిలేద్దాం.

రివాల్వరా, పిస్టలా?

తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఉండేది రివాల్వర్, పిడిలోంచి ఒక్కొక్కటీ పైకొచ్చేది పిస్టల్. ఈ ప్రశ్న దగ్గర అన్నదమ్ములు కూడా కొట్టుకుంటారు. నా లెక్క ఇది.

రివాల్వర్ తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతి తూటా వస్తుంది. ఎలుగు మీద పడ్డాక గొట్టం దాని ఒంటికి ఆనించి కాల్చినా పనిచేస్తుంది. పిస్టల్‌ని అలా గట్టిగా ఆనిస్తే పైభాగం వెనక్కి జరిగి పేలకుండా ఆగిపోవచ్చు. చెయ్యి వంకరగా పట్టుకుని కాల్చినా జామ్ కావచ్చు. ఎలుగు కింద పడి ఉన్నవాడు చెయ్యి సరిగ్గా పెడతాడని ఎవరనుకుంటారు?

పిస్టల్ వైపు కూడా బలం ఉంది. గ్లాక్ 20లో పదిహేను తూటాలు, రివాల్వర్‌లో ఆరు. తన్ను (కాల్చినప్పుడు తుపాకీ చేతిని వెనక్కి కొట్టే దెబ్బ) తక్కువ, రెండో తూటా త్వరగా పడుతుంది, పల్చగా ఒంటికి అంటుకుని ఉంటుంది. గ్రీన్‌లాండ్‌లో ధ్రువపు ఎలుగుల మధ్య కుక్కబండ్ల మీద తిరిగే డెన్మార్క్ సైనిక దళం సిరియస్ పాట్రోల్ నడుముకి కట్టుకునేది ఈ 10 ఎం.ఎం. గ్లాకే. గ్లాక్ కంపెనీ మాత్రం తన గొట్టాల్లో జాకెట్ (పైన రాగి తొడుగు) లేని, హార్డ్ కాస్ట్ లాంటి సీసం తూటాలు వాడొద్దంటుంది, లోపల సీసం పేరుకుంటుందని. చాలామంది వేరే గొట్టం కొని వేసుకుంటారు. కొందరు కొద్దిపాటి తూటాలే కదా అని అలాగే వాడుతూ తరచూ శుభ్రం చేసుకుంటారు. నేను గొట్టం మార్చాను.

రివాల్వర్ ఎప్పుడూ మొరాయించదనే మాట కూడా నమ్మకండి. ఏడువందల గ్రాముల తేలికైన .44 ఒకటి వాడి చూశాను. బరువైన తూటాలు వేసి నాలుగోసారి నొక్కేసరికి సిలిండర్ తిరగలేదు. విప్పి చూస్తే అయిదో తూటా గుండు తన్నుకి గుల్లలోంచి ముందుకు జారి, బయటికి పొడుచుకొచ్చి, ఫ్రేమ్‌కి అడ్డం పడింది. ఇంటికెళ్ళి సుత్తితో గానీ ఊడలేదు. తేలిక తుపాకీ, బరువు తూటా కలిస్తే ఇలా జరుగుతుంది. కొన్న తూటాలతో కొన్న తుపాకీలో సిలిండర్ నిండా రెండుసార్లు కాల్చి చూడకుండా అడవికి పోవద్దు.

కొత్తవాళ్ళకి నా సలహా: ఇదివరకే పిస్టల్ అలవాటుంటే 10 ఎం.ఎం. పిస్టల్, ఏ అలవాటూ లేకపోతే .357 రివాల్వర్.

.44లో ఎంత బరువున్నది తీసుకోవాలి?

కిలో పైన, కిలోన్నర లోపల. నాలుగంగుళాల గొట్టం. అంతకన్నా తేలికైతే చెయ్యి బద్దలవుతుంది, బరువైతే మోయరు. .44 తుపాకీ కొంటే ప్రాక్టీసుకి .44 స్పెషల్ తూటాలు వాడుకోవచ్చు. అదే తుపాకీలో పడతాయి, తన్ను సగానికి సగం తగ్గుతుంది. .357కి .38 స్పెషల్ అలాగే.

ఎక్కడ కట్టుకోవాలి?

ఛాతీ మీద. నడుము బెల్టు హోల్‌స్టర్ మీద బ్యాగు పట్టీ కూర్చుంటుంది, వాగు దాటేటప్పుడు వేడర్ల (నీళ్ళలో దిగేటప్పుడు వేసుకునే పొడుగు ప్యాంట్ల) లోపలికి పోతుంది. ఛాతీ మీదైతే బ్యాగున్నా, కూర్చున్నా, ట్రక్కు నడుపుతున్నా చెయ్యి అక్కడికే వెళ్తుంది.

మొదటి ఏడాది నాకు బుద్ధొచ్చిన సంగతి చెప్తాను. వాన పడుతోంది, హోల్‌స్టర్ మీద నుంచి రెయిన్ జాకెట్ వేసి జిప్ మెడదాకా లాగాను. పొదలో ఏదో చప్పుడైంది. కుడిచేత్తో జిప్ లాగితే గుడ్డ పళ్ళలో ఇరుక్కుంది. ఎడమచెయ్యి కూడా పెట్టి లాగాను. చలికి వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. జిప్ దిగేసరికి పొదలోంచి గ్రౌస్ కోడి ఒకటి టపటపా ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి వానైనా హోల్‌స్టర్ జాకెట్ పైనే. తుపాకీ తడిస్తే రాత్రి తుడుచుకుంటాను.

ప్రాక్టీసు ఎలా చేయాలి?

బల్ల మీద చేతులానించి యాభై గజాల దూరానికి కాల్చడం మన పని కాదు. అయిదు గజాలు, ఏడు, పది. తుపాకీ హోల్‌స్టర్‌లో, బ్యాగు వీపున, చేతికి గ్లవ్స్. మొదట ఇంట్లో ఖాళీ తుపాకీతో, తూటాలు వేరే గదిలో పెట్టి, రోజుకి ఇరవైసార్లు తీయడం అలవాటు చేసుకోండి. తర్వాతే రేంజ్. మోకాలి మీద కూర్చుని, ఒంటిచేత్తో, ఎడమచేత్తో కూడా కొన్ని కాల్చండి. ఎలుగు మీకిష్టమైన చెయ్యి వదిలేసి రెండోది పట్టుకుంటుందని రాసి ఇవ్వలేదు.

కదిలే గురి కావాలంటే అట్టపెట్టెని పాత స్లెడ్ మీద కట్టి, పొడుగు తాడుతో కప్పీ మీదుగా మీ వెనక నుంచి ఒకరు లాగాలి. లాగేవాడు మీ వెనకే ఉండాలి, పక్కన కాదు. మొదటిసారి నేను వేసిన ఆరులో రెండే తగిలాయి, అదీ పెట్టె అంచుకి.

మీదికొస్తే ఎక్కడ కొట్టాలి?

తల దించుకుని తిన్నగా వచ్చే ఎలుగుకి నుదురు వెనక్కి వాలి ఉంటుంది, మెదడు చిన్నది, మనం అనుకునేదానికన్నా కింద ఉంటుంది. పైకి గురిపెడితే తూటా పుర్రె మీదుగానో భుజం కండలోకో పోతుంది. ముక్కుకీ కళ్ళకీ మధ్య కింద గురిపెట్టమంటారు. పక్కకి తిరిగితే ముందుకాలి వెనక, ఛాతీలో. ఒకటి కొట్టి చూద్దామని ఆగొద్దు, ఆగేదాకా కొట్టాలి. గాలిలోకి హెచ్చరికగా కాల్చడానికి ఒకటి ఖర్చు పెడితే ఆరులో అయిదే మిగులుతాయని గుర్తుంచుకోండి.

పరిగెత్తుకుంటూ వచ్చి కొద్ది దూరంలో ఆగిపోయే ఉత్తుత్తి దాడులు కూడా ఉంటాయి. అది ఎప్పుడు ఉత్తుత్తిదో ఎప్పుడు అసలుదో ముందే చెప్పగలిగినవాళ్ళు నాకు తారసపడలేదు.

బేర్ స్ప్రే (ఎలుగు మీదికి కొట్టే మిరపఘాటు డబ్బా) మేలంటారు. నిజమేనా?

నిజమే, వేటగాడికి రెండూ కావాలి. అలాస్కాలో స్ప్రే వాడిన సంఘటనల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సార్లు స్ప్రే పనిచేసింది. దగ్గర్నుంచి ఎలుగుని ఎదుర్కొన్న స్ప్రే చేతిలో ఉన్నవాళ్ళలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. తుపాకుల మీద 2012లో వచ్చిన అధ్యయనం 269 సంఘటనలు చూసి హ్యాండ్‌గన్లకి 84 శాతం, పొడుగు తుపాకులకి 76 శాతం అని తేల్చింది. రెండు అధ్యయనాల్లో సందర్భాలు వేరు, అంకెల్ని పక్కపక్కన పెట్టి పందెం వేయకూడదు. స్ప్రే వాడిన చాలా సంఘటనల్లో ఎలుగు కోపంతో రాలేదు, కుతూహలంతో వచ్చింది.

నా అనుభవంలో స్ప్రేకి గురి అక్కర్లేదు. మేఘంలా లేస్తుంది, ఎలుగు అందులోకి పరిగెత్తుకొస్తుంది. ఎదురుగాలి, వాన, డేరా లోపల అయితే మన కళ్ళే పోతాయి. కనీసం 225 గ్రాముల డబ్బా, పాతిక అడుగుల దూరం, ఆరు సెకన్లు ఆగకుండా కొట్టేది తీసుకోండి. తేదీ చూసుకోండి. ఇంట్లో మిరపకాయలు వేయించిన గదిలో నిలబడ్డవాళ్ళం కదా అని తేలిగ్గా తీసుకోకండి, నేను తీసుకున్నాను, పెరట్లో ఒక గంట తల పంపు కింద పెట్టాను.

అలాస్కా వెళ్ళాలనుకుంటున్నాం. ఏం తెలుసుకోవాలి?

గోధుమ ఎలుగు వేటకి బయటి రాష్ట్రంవాళ్ళకి లైసెన్సున్న గైడ్ గానీ, అలాస్కాలో ఉంటున్న దగ్గరి బంధువు గానీ వెంట ఉండాలి. అమెరికా నివాసి కాని విదేశీయుడైతే ఏ పెద్ద జంతువుకైనా గైడ్ తప్పనిసరి.

ప్రాణానికొచ్చి ఎలుగుని కాల్చాల్సి వస్తే కథ అక్కడితో అయిపోదు. తోలూ పుర్రే మీరే తీసి ప్రభుత్వానికి అప్పగించాలి, పదిహేను రోజుల్లో రిపోర్టు రాసివ్వాలి. పెద్ద గోధుమ ఎలుగు తోలు తీయడమంటే ఇద్దరికి ఒక పూట పని.

జాతీయ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్రం ఒప్పుకుంటే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. విజిటర్ సెంటర్ లాంటి ప్రభుత్వ భవనాల్లోకి తీసుకెళ్ళకూడదు. చాలా పార్కుల్లో వేట నిషేధం.

రోడ్డు మార్గాన వెళ్దామనుకునేవాళ్ళు మధ్యలో కెనడా ఉందని మర్చిపోతారు. ఎలుగుల భయమని చెప్పి అక్కడికి హ్యాండ్‌గన్ తీసుకెళ్ళలేరు. మామూలు వేట రైఫిల్‌ని సరిహద్దులో ఫారం రాసి, ఫీజు కట్టి తీసుకెళ్ళొచ్చు. హ్యాండ్‌గన్ వెంట కావాలంటే విమానంలో వెళ్ళాలి.

నాది హెచ్-1బి. నేను కొనొచ్చా?

అందరికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది మీరే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదో రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. అంటే ఆ లైసెన్సు గడువు అయిపోయిన మర్నాడు మీ అల్మరాలో ఉన్న తుపాకీ నేరం అవుతుంది. స్నేహితుడితో సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఆయన తుపాకీ పట్టుకున్నా ఇదే చట్టం వర్తిస్తుంది. షాపులో నింపే 4473 ఫారంలో అబద్ధం రాస్తే అది వేరే నేరం. తుపాకీ కేసు పడితే వీసా, గ్రీన్‌కార్డు రెండూ గోవిందా. రాష్ట్రాల చట్టాలు దీనిపైన అదనం. కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకిచ్చే ఫీజు, తుపాకీ ఖరీదులో భాగం అనుకోండి.

గ్రీన్‌కార్డున్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. ఎవరైనా సరే హ్యాండ్‌గన్‌ని సొంత రాష్ట్రంలోనే కొనాలి, డీలర్ దగ్గర కొనడానికి ఇరవై ఒక్కేళ్ళు నిండాలి.

ఊళ్ళో మా తోటలోకి ఎలుగులొస్తున్నాయి. ఇదే పద్ధతి అక్కడ పనికొస్తుందా?

ఉద్దానం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. పనికిరాదు. మన ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. జీడి తోటల్లోకి పొద్దున్నే ఒంటరిగా పోకుండా నలుగురు కలిసి మాట్లాడుకుంటూ వెళ్ళడం, పండిన పనసకాయలు చెట్టు కింద కుళ్ళనీయకపోవడం, ఎలుగు కనిపిస్తే అటవీ శాఖకి ఫోన్ చేయడం, ఇవే దారి.

విమానంలో ఎలా తీసుకెళ్ళాలి?

అమెరికా లోపలి విమానాలకైతే తుపాకీలో తూటా లేకుండా, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెకిన్ కౌంటర్‌లో చెప్పి, చెకిన్ లగేజీలో పంపాలి. తూటాలకి బరువు పరిమితి ఉంటుంది, మామూలుగా అయిదు కిలోలు. బేర్ స్ప్రేని మాత్రం ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు, దిగాక అక్కడే కొనుక్కోవాలి.

ఇండియా ప్రయాణం ఉంటే వేటకి వాడిన బ్యాగు, జాకెట్టు ఇంట్లో వదిలేయండి. లైనింగ్‌లోకి జారిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర, మీరు స్టేషన్‌లో. తెలియదన్నా, మర్చిపోయానన్నా ముందు కేసు, తర్వాతే మాట. మొన్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళేముందు నా క్యాబిన్ బ్యాగు కడుగుదామని తిరగేస్తే పక్కజేబు కుట్లలోంచి .44 ఖాళీ గుల్ల ఒకటి టైల్స్ మీద పడి దొర్లుకుంటూ వెళ్ళి ఫ్రిజ్ కింద ఆగింది. మా ఆవిడ నా వైపు చూసి, మాట్లాడకుండా వెళ్ళి కొత్త బ్యాగు ఆర్డర్ పెట్టింది.